గదిలో మిగిలిపోయిన లెక్క

ట్యుటోరియల్ కాలేజీలో ఆమె లెక్కల మేడమ్. ఇంట్లో అత్తగారికి "ఏమ్మాయ్", కూతురికి అమ్మ, లిఫ్టులు బాగుచేసే మొగుడికి "ఇదుగో". చుక్క అని పిలిచిన గది ఒక్కటే ఉండేది. ఆ గది వదిలి పదకొండేళ్ళు దాటినా, కుళాయి దగ్గర ఎవరైనా "చుక్క నీళ్ళు లేవు" అంటే చాలు, తననే పిలిచినట్టు తల తిప్పుతుంది.

ఆ పేరు వచ్చిన తీరు చెప్పాలి. విశ్వవిద్యాలయంలో పరిశోధనకు చేరిన కొత్తలో ఆమెకు బిందువు అనే మాట నోటికి వచ్చేది కాదు. బోర్డు దగ్గర నిలబడి, "ఈ ఒంపు మీద రెండు చుక్కలు పెట్టండి. వాటి గుండా గీత గీయండి. అది వెళ్ళి ఇంకోచోట ఒంపుని తగుల్తుంది. మొదటి రెండు చుక్కలూ మీ ఇష్టం. మూడోది మీ చేతిలో లేదు" అని గడగడా చెప్పుకుపోయింది. గైడుని విభాగంలో అందరూ పెద్దాయన అనేవాళ్ళు. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి, "అచ్చం సంసారంలా ఉందే. ఇద్దరు కుదిరితే మూడోది దానంతటదే వస్తుంది" అన్నాడు. గది గొల్లుమంది. ఆమె కూడా నవ్వింది. ఆ రోజునుంచి ఆమె చుక్క. ఆమెతోపాటు చేరిన కుర్రాడు పొడుగు. అతని పేరుకి వివరణ అక్కర్లేదు, గుమ్మం దగ్గర తల వంచనిదే లోపలికి రాలేడు.

ఆ గదికి కిటికీ ఒకటే. కిటికీ కింద సైకిళ్ళ షెడ్డు రేకులు. వాన పడితే రేకుల మోతకి మాట వినబడేది కాదు. అప్పుడు నోళ్ళు మూసుకుని, సుద్దముక్కలతో బోర్డు మీదే పోట్లాడుకునేవాళ్ళు.

ఆమె పట్టుకున్న లెక్క ఇది. కాగితాన్ని గొట్టంలా చుట్టి రెండు కొసలూ కలిపితే టైరు ట్యూబులాంటిది వస్తుంది. లెక్కలవాళ్ళు దాన్ని ఎలిప్టిక్ కర్వ్ అంటారు. ఆ ఒంపూ ఈ ట్యూబూ ఒకే మనిషికి తీసిన రెండు ఫొటోలు. ఆ కాగితం మీద థీటా ఫంక్షన్లు అని కొన్ని ఉంటాయి. ట్యూబుని ఒకవైపు చుట్టి వస్తే అవి ఉన్నవి ఉన్నట్టే తిరిగొస్తాయి. రెండోవైపు చుట్టి వస్తే కొంత మారి వస్తాయి. ఎంత మారతాయో ముందే తెలుసు కాబట్టి, ఒకేలా మారే రెంటిని తెచ్చి భాగిస్తే ఆ మార్పు కొట్టుకుపోతుంది. మరోపక్క రూట్ సిస్టమ్ అని ఒక బాణాల గుత్తి ఉంది. ఒక్కో బాణానికి అడ్డంగా ఒక్కో అద్దం. ఏ అద్దంలో చూసినా మళ్ళీ అదే గుత్తి కనిపిస్తుంది. ఇందాకటి మూడు చుక్కల్ని ఏ వరసలో చెప్పినా గీత మారదు కదా, ఆ వరసలు తారుమారు చేయడం కూడా ఇలాంటి అద్దాల పనే, కాకపోతే చిన్న గుత్తి. పెద్ద గుత్తులున్నాయి, వాటికి అద్దాలు చాలా ఎక్కువ. ఆ అద్దాలన్నిటికీ లొంగే థీటాలు ఎన్ని అనే సంగతి వెనకటివాళ్ళు ఎప్పుడో తేల్చారు. చుక్క అడిగింది వేరే. ట్యూబుని ఒకచోట నులిమేస్తే ఏమవుతుంది? గుత్తులన్నిటిలోకీ మొండిదాన్ని పట్టుకుని చూస్తే, నులిమిన తర్వాత కూడా ఆ లెక్క నిలుస్తుందా?

నిలుస్తుందని ఆమె నమ్మింది. నులమని ట్యూబు దాకా రాసేసింది. నులిమిన ట్యూబు మిగిలింది. అంతలో నెల తప్పింది.

కాన్పు కష్టమైంది. పాప నెలలు నిండకుండా పుట్టింది. ఒళ్ళు కూడదీసుకుని ఆమె మళ్ళీ విభాగానికి వెళ్ళేసరికి రిజిస్టర్లో పేరు లేదు. అనుమతించిన గడువు కంటే ఎక్కువకాలం రాకపోతే పేరు కొట్టేస్తారు.

"రూలు అందరికీ ఒకటేనమ్మా," అన్నాడు ఆఫీసు గుమాస్తా. "మీకోటీ మగవాళ్ళకోటీ ఉండదు."

నిజమే, ఒకటే. ఆ రూలు కింద అప్పటిదాకా పేరు పోయినవాళ్ళంతా ఆడవాళ్ళే, అంతే తేడా. రూలు రాసినవాళ్ళకి కడుపు రాదు, చంటిపిల్లకి ఊపిరి ఆడని రాత్రులు రావు. అన్నీ సమానంగా చూసే కన్ను ఒక్కోసారి అసలు చూడని కన్నే. పెద్దాయన ఆఫీసు చుట్టూ తిరిగాడు, గొంతు పెంచాడు, ఉత్త చేతులతో వచ్చాడు. తర్వాత రెండేళ్ళకి ఆయనా పోయాడు.

అప్పటినుంచీ ఆమె ట్యుటోరియల్లో, పరీక్ష తప్పిన పిల్లలకి కారణాంకాలు చెబుతోంది. చెప్పిన గంటకే జీతం, చెప్పని గంటకి లేదు. క్లాసు ఎగ్గొడితే ఆ క్లాసు వేరేవాళ్ళకి పోతుంది. అందుకని ఆమె జ్వరమొచ్చినా ఎగ్గొట్టలేదు. పిల్లలంటే ఇష్టమే. కానీ బోర్డు మీద ఒంపు గీయాల్సి వచ్చిన రోజున చెయ్యి ఒక క్షణం ఎక్కువ ఆగేది. ఇంటికొచ్చే దారిలో సైకిల్ షాపు ఉంది. పంక్చర్లు వేసే ఆయన ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి, అక్కడక్కడా నులుముతూ బుడగలు వెతుకుతుంటే ఆగిపోయేది.

"గాలి కొట్టాలా మేడమ్?"

"లేదండీ, ఊరికే చూస్తున్నా."

"సైకిలేదీ?"

"నాకు సైకిల్ లేదు."

ఆయన ఇంకేమీ అడగలేదు. మర్నాటినుంచి ఆమె ఆగితే ఒక స్టూలు జరిపేవాడు.

అత్తగారు మాత్రం అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. నలభై ఏళ్ళు బట్టలు కుట్టి కళ్ళు మసకబారి మిషను మూసేసిన మనిషి. మాటకి మాత్రం ఇంకా పదును పోలేదు.

"ఏమ్మాయ్, పాలు పొంగుతున్నాయి."

"చూస్తున్నా అత్తయ్యా."

"చూస్తూ ఊరుకోడమేనా, స్టవ్ కట్టేసేది ఏమన్నా ఉందా? ఏ లోకంలో ఉన్నావు?"

"థీటాల్లో."

"తీటైతే చెప్పు, మందు రాస్తా." పాలగిన్నె తనే దించింది. "ఆ లెక్క మీదున్న మనసు నా కొడుకు మీద సగమన్నా ఉందా?"

"సగం కంటే ఎక్కువే ఉంది."

"ఎంతెక్కువ?"

"అది ఇంకా తేలలేదు అత్తయ్యా."

ముసలావిడ పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు అయ్యాక, "నాకూ కలల్లో మిషను చప్పుడు వినిపిస్తుందే" అంది మెల్లగా. కోడలు పాలు గ్లాసులో పోసి ముందు పెట్టింది.

నులిమిన ట్యూబు లెక్కని ఆమె ముక్కలు ముక్కలుగా చేసింది. బస్సులో, స్టాఫ్‌రూములో, పాప చదువుకుంటుంటే పక్కన కూర్చుని. అడగడానికి మనిషి లేడు. పాత పుస్తకాల కొట్లో దొరికిన ఒక లావాటి పాఠ్యపుస్తకం తప్ప దిక్కు లేదు. ఆ పుస్తకమే గురువనుకుని ఏళ్ళ తరబడి నడిచింది. ఆఖరికి ఒక మధ్యాహ్నం రెండో సగం ముగిసింది. పాత రాతప్రతిలోని మొదటి సగాన్ని తెచ్చి పక్కన పెట్టింది. ఇటు ఎన్ని థీటాలో అటూ అన్నే. సరిపోయింది. ఆ సాయంత్రం పిల్లలకి హోంవర్కు ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో వాళ్ళు అడగలేదు, అడిగితే ఎక్కడ ఇస్తుందోనని.

పొడుగు ఇప్పుడు అదే విభాగంలో ప్రొఫెసరు. ఫోను చేసింది.

"ఎవరండీ?"

"చుక్క."

అవతల కుర్చీ కిర్రుమన్న చప్పుడు. "ఎక్కడికి పోయావే ఇన్నాళ్ళూ?"

"ఎక్కడికీ పోలేదు. మీ గేటు ముందునుంచి పోయే బస్సులోనే తిరుగుతున్నా."

"మరి దిగలేదేం?"

"దిగి ఏమని చెప్పుకోను?"

పొడుగు లెక్క సంగతి విన్నాడు, రెండుసార్లు చెప్పించుకున్నాడు. "గురువారం మధ్యాహ్నం సెమినార్ ఉంది. వచ్చి చెప్పు. ఇది నిలబడితే ఆ దిక్కుమాలిన రూలుకి మినహాయింపు అడుగుతా. విభాగమంతా సంతకాలు పెడుతుంది, నేను పెట్టిస్తా. మళ్ళీ చేరొచ్చు నువ్వు."

మళ్ళీ చేరొచ్చు. ఆ మాటని ఆమె ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు, నోట్లోంచి వస్తే తరిగిపోతుందన్నట్టు. గురువారం క్లాసు సాయంత్రమే, కాబట్టి పోయేదేమీ లేదు. అత్తగారు ఎలా కనిపెట్టిందో మరి, కోడలి జాకెట్టు తీసుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చంక కింద కుట్లు విప్పి వదులు చేసింది.

"ఇదెందుకత్తయ్యా?"

"బోర్డు మీద పైదాకా చెయ్యెత్తాలి కదా. పట్టేస్తుంటే నీ ధ్యాసంతా చంక మీదే ఉంటుంది."

మొగుడు గుమ్మంలో బూట్లు వేసుకుంటూ, "ఇదుగో, ఆ బిల్డింగులో మెట్లెక్కి వెళ్ళు. ఆ లిఫ్టు నేనెరుగుదును" అన్నాడు. అతని ఆశీర్వాదాలు అలాగే ఉంటాయి.

గది అదే. కిటికీ అదే. బోర్డు మాత్రం తెల్లది పెట్టారు, సుద్ద లేదు. పదిమందిదాకా ఉన్నారు. మొదటి నిమిషాల్లో పెన్ను చేతిలో జారింది, గొంతు ట్యుటోరియల్ గొంతులా గట్టిగా వచ్చింది. తర్వాత ఒంపు గీసింది. రెండు చుక్కలు పెట్టింది. వెనక వరసలోంచి పొడుగు, "మూడోది మీ చేతిలో లేదు" అన్నాడు. పాతవాళ్ళిద్దరు నవ్వారు. అంతే, ఆమె గొంతు దారిలో పడింది. బాణాలొచ్చాయి, అద్దాలొచ్చాయి, ట్యూబు వచ్చింది. కుడిచేత్తో రాస్తూ ఎడమచేత్తో గాల్లో ట్యూబుని నులుముతుంటే అందరూ ఆ చేతినే చూశారు. మొదటి సగం చెప్పింది. రెండో సగం చెప్పింది. రెండు అంకెల్నీ పక్కపక్కన రాసి మధ్యలో సమానం గుర్తు పెట్టింది.

ఈమధ్యే పరిశోధనకి చేరిన ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, చిన్న డౌటు. ఎడమవైపు అద్దాలన్నీ ఎక్కడ కలుస్తున్నాయి?"

"సున్నా దగ్గర."

"కుడివైపు?"

"అక్కడా సున్నా..."

ఆగిపోయింది. ఎడమవైపు రాసిన వరస వైపు తిరిగింది. అది పదకొండేళ్ళ కిందటి తన సొంత రాత, ఇందాకే చూసి ఎక్కించింది. అందులో ఒకచోట ఒక అంకె తక్కువున్నట్టు ఉంది. ఎందుకు తక్కువుందో ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

పొడుగు లేచి నిలబడ్డాడు. చాలా మెల్లగా అన్నాడు: "పెద్దాయన బోర్డుని తట్టేవాడు, గుర్తుందా?"

గుర్తొచ్చింది. పెద్దాయన లెక్క మొదలుపెట్టేముందు వేలి కణుపుతో బోర్డుని ఒకసారి తట్టేవాడు. అంటే సున్నాని పక్కకి జరిపాం అని. ఒకవైపు బాణాలన్నిటినీ కూడి, అందులో సగం ఎంతో అంత జరపాలి. ఆ జరిపిన చోట అద్దాలు కలుస్తాయనుకుంటే సూత్రాలన్నీ పొట్టిగా, అందంగా వస్తాయి. ఆ గదిలో పనిచేసినవాళ్ళెవరూ ఆ జరపడాన్ని కాగితం మీద రాయలేదు. రాయనక్కర్లేదు, అందరికీ తెలుసు. కొత్తగా వచ్చినవాళ్ళు వారంలో నేర్చుకునేవాళ్ళు, ఎవరో ఒకరు టీ తాగుతూ చెప్పేవాళ్ళు. లావాటి పుస్తకంలో సున్నా సున్నా దగ్గరే ఉంది. ఆమె మొదటి సగం గది భాషలో రాసింది, రెండో సగం పుస్తకం భాషలో. గది భాషలోని ఆ ఒక్క మాటా రాతలో లేదు కాబట్టి ఆమెతో బయటికి రాలేదు. రెంటినీ అంటిస్తే సరిపోయినట్టు కనిపించింది. సరిగ్గా జరిపి చూస్తే కుడివైపు తగ్గుతుంది.

అక్కడే నిలబడి జరిపి చూసింది. తగ్గింది. సమానం గుర్తు మీద అడ్డగీత కొట్టింది. పెన్ను మూత పెట్టి, "క్షమించండి, నా లెక్క తప్పు" అంది.

తప్పు ఆమెదే అని ఎవరైనా అంటే అననివ్వండి. కానీ ఈ తప్పు ఆ గదిలో ఉన్నవాళ్ళు ఎవరూ చేయలేరు. ఒకవేళ చేసినా సాయంత్రం దాకా బతకదు, పక్కవాడు టీ గ్లాసు కిందపెట్టి "ఏయ్, జరిపావా?" అంటాడు. బయటికి గెంటేసిన మనిషి దగ్గర మాత్రం అది ఏళ్ళకి ఏళ్ళు బతికి పెద్దదవుతుంది. పుస్తకాలు ఎవరైనా కొనుక్కోవచ్చు. గదిలో గాల్లో తిరిగే మాటల్ని కొనుక్కునే చోటు లేదు. పేరు కొట్టేసినప్పుడు వాళ్ళు ఆమెనుంచి తీసుకున్నది రిజిస్టర్లో వరస కాదు, ఆ మాటల్ని.

జనం లేచారు. కొందరు ఆమె దగ్గరికొచ్చి మంచి మాట ఏదో అని వెళ్ళారు. పొడుగు కారిడార్లో టీ తెచ్చిచ్చాడు. "మినహాయింపు సంగతి..." అని మొదలుపెట్టాడు.

"వద్దులే. ఏం చూపించి అడుగుతావు?"

"ఎడమ సగం నిజమే కదా."

"అది అప్పుడే చేశాను. ఇప్పుడు చేసింది ఏముంది?"

పొడుగు తల దించుకుని టీ తాగాడు. అబద్ధం ఆడకపోవడమే అతను చేయగలిగిన మర్యాద. డౌటు అడిగిన అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది, ఏదో నేరం చేసినదానిలా.

"సారీ మేడమ్. నేను అడక్కుండా ఉండాల్సింది."

"అదేం మాట? నువ్వు అడిగావు కాబట్టే ఇంకో పదేళ్ళు దాని మీద కూర్చోకుండా బతికాను." టీ గ్లాసు కిటికీలో పెట్టింది. "ఒక మాట చెప్పమ్మా. ఇంకేమేం రాయకుండా వదిలేస్తారు మీరిక్కడ?"

అమ్మాయి తెల్లబోయింది. "అంటే?"

"అందరికీ తెలుసు కదా అని. చెప్పు, వింటాను."

అమ్మాయి పొడుగు వైపు చూసింది. పొడుగు బుర్ర గోక్కుని, "చాలా ఉన్నాయి" అన్నాడు. ఒకటి చెప్పాడు. అమ్మాయి ఇంకొకటి చెప్పింది, అది పొడుగుకే తెలియదు. అతను తెల్లబోతే అమ్మాయి నవ్వింది, చుక్క కూడా నవ్వేసింది. కానీ ఎండ కిటికీ దిగిపోయింది. ట్యుటోరియల్ క్లాసుకి వేళవుతోంది. ఆమె సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది.

మొదటి మలుపు దగ్గర ఆగింది. పైన తలుపు తెరిచే ఉంది. పొడుగు, ఆ అమ్మాయి మళ్ళీ బోర్డు దగ్గరికి వెళ్ళినట్టున్నారు. మాటలు వినపడుతున్నాయి, పూర్తిగా కాదు. "నులిమిన చోట తగ్గినవి ఎక్కడికి పోతాయి మరి?" అంది అమ్మాయి. పొడుగు ఏదో గొణిగాడు. "ఆమె నులిమినట్టు కాదు సార్, అన్నివైపులా సమానంగా నొక్కితే..." అంటోంది అమ్మాయి. బోర్డు మీద పెన్ను కీచుమంది.

చెయ్యి రెయిలింగ్ మీద అలాగే ఉండిపోయింది. ఓడిపోయిన లెక్క గురించి ఏడవాలని లేదు. ఇన్నేళ్ళూ తను కోరుకున్నది సిద్ధాంతం అనుకుంది. కాదు. కోరుకున్నది ఆ కీచుమనే చప్పుడు, ఆ "కాదు సార్", తను చెప్పిన మాటని పక్కనున్నవాళ్ళు తీసుకుని, తిప్పి, తప్పుగా అర్థం చేసుకుని పోట్లాడటం. మెట్ల మీద నిలబడి అది వింటుంటే, గదిలో లేకపోవడం పదకొండేళ్ళలో ఎప్పుడూ ఇంత నొప్పి పెట్టలేదనిపించింది.

ఫోను తీసి ట్యుటోరియల్ యజమానికి చేసింది.

"ఈరోజు రాలేనండీ."

"అదేంటి మేడమ్, ఎప్పుడూ లేనిది. ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. పనుంది."

"క్లాసు వేరేవాళ్ళకి ఇవ్వాల్సొస్తుంది. తర్వాత నన్ననకండి."

"అననులెండి."

మెట్లెక్కింది. గుమ్మంలో నిలబడగానే ఇద్దరూ తిరిగి చూశారు. బోర్డు మీద అమ్మాయి గీసిన ట్యూబు అన్నివైపులా సన్నగా నొక్కుకుపోయి ఉంది.

"నేనన్నది అది కాదు," అంది చుక్క. "పెన్ను ఇలా ఇవ్వు."

ఆ క్లాసు నిజంగానే వేరేవాళ్ళకి పోయింది. ఇంట్లో గురువారాల మీద గొడవలు అయ్యాయి, సర్దుకున్నాయి, మళ్ళీ అయ్యాయి. రూలు ఇంకా అలాగే ఉంది. విభాగం గోడ మీద పరిశోధకుల పేర్ల పలకలో ఆమె పేరు లేదు, అడిగినవాళ్ళకి పొడుగు ఏదో సర్దిచెబుతాడు. నులిమిన చోట తగ్గిన థీటాలు ఎక్కడికి పోయాయో ఎవరికీ తెలియదు. గురువారం సాయంత్రాలు ఆమె ఆఖరి బస్సు దాకా అక్కడే ఉంటుంది. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, మూడో అంతస్తులో ఆ గదిలో ఇంకా వెలుగుతున్న లైటుని మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంటుంది.